ఎడమవైపు పంటిగాట్లు

నా లేతు మిషను మీదికెక్కిన ఆక్రిలిక్ రాడ్డు నా మాట వినకపోవడం అనేది లేదు. గొప్పలు చెప్పుకుంటోందని అనుకుంటే అనుకోండి, నాకేం! విడవలూరు దాటాక రొయ్యల గుంటల మధ్య మా ఆయన షెడ్డు ఉంది. గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లకు ఆయన షాఫ్టులు తిప్పుతాడు. అదే షెడ్డులో ఓ మూలనున్న చిన్న లేతు నాది. పొగాకు పైపులకు నేను కాడలు చేస్తాను, అంటే నోట్లో పెట్టుకునే భాగం. పొగాకు కూరే చెక్క గిన్నెలు చెన్నై నుంచి వస్తాయి, నేను కాడలు బిగించి తిరిగి పంపుతాను.

మా ఊళ్లో పైపు తాగేవాడు ఒక్కడూ లేడు. "బీడీలు తాగేవాళ్ల మధ్య కూచోని దొరలకి గొట్టాలు చేస్తా ఉండావే" అని మా ఆయన ఎగతాళి చేస్తాడు.

"నువ్వు రొయ్యలకి ఫ్యాన్లు చెయ్యడంలా? దానికంటే నయమేలే" అంటాను.

ఆక్రిలిక్ దగ్గర తొందర పనికిరాదు. రంధ్రం వేసేటప్పుడు డ్రిల్లు కాస్త దించాలి, బయటికి లాగి పొట్టు దులపాలి, నీటిచుక్క వేసి మళ్లీ దించాలి. ఒకే ఊపున దింపితే లోపల కరిగి డ్రిల్లును పట్టేసుకుంటుంది. చెక్కలోకి దూరే కొసను వెంట్రుకవాసి వదులుగా ఉంచుతాను, మా ఉప్పుగాలికి చెక్క ఉబ్బుతుంది కాబట్టి. ఇక వంపు తిప్పడం నా సొంత విద్య. మా అమ్మ వేడి ఇసుకలో బొరుగులు వేయించి అమ్మేది. నేనూ ఇనుప మూకుడులో ఇసుక కాచి, అందులో స్టీలు గ్లాసు మెడదాకా పూడ్చి, కాడను ఆ గ్లాసులో నిలబెడతాను. రెండు బియ్యపు గింజలు వేస్తే ఇసుకలో ఎర్రబడాలి, పొంగకూడదు. పొంగాయంటే వేడి ఎక్కువైనట్టే, కాడ మీద బుడగలొస్తాయి. రంధ్రం మూసుకుపోకుండా లోపల తీగ పెట్టి, మెత్తబడగానే వంచి, నీళ్లలో ముంచుతాను. ఆ తర్వాత ఉప్పుకాగితం, ఆపైన బఫింగ్ చక్రం. నా కాడలో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

కిందటి వానాకాలం నెల్లూరు నుంచి ఒకామె స్కూటరు మీద వచ్చింది. చేతిరుమాలు విప్పి ఒక పాత పైపు, రెండు ముక్కలైన కాడ నా బల్ల మీద పెట్టింది. పైపు వాళ్ల నాయనది. ఆయన ఓడల్లో ఇంజనీరుగా చేసిన మనిషి, ఇప్పుడు జ్ఞాపకం జారిపోతోంది. పొగాకు ఎప్పుడో మానిపించారు కానీ ఖాళీ పైపు మాత్రం నోట్లో ఉండాల్సిందే. అది ఉంటే కుదురుగా కూర్చుంటాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు, అన్నం తింటాడు. పైపు స్నానాలగదిలో పడి కాడ విరిగినప్పటి నుంచి నోరు తెరవడం మానేశాడు.

"కొత్త పైపు కొనిచ్చినా అక్కా, ఇసిరి కొట్టినాడు. అన్నం ముద్ద తీసుకుపోతే పెదాలు బిగబట్టేస్తాడు. ఇట్నే ఉంటే ముక్కులో ట్యూబు ఏసి పాలు పొయ్యాల్సిందే అంటా ఉండాడు డాక్టరు" అంది.

"ట్యూబూ లేదు ఏం లేదు. రేపు సాయంత్రం రామ్మా, నీతోపాటు నేనే వచ్చి బిగిస్తా" అన్నాను.

పాతది రబ్బరు కాడ. ఎండకి గోధుమరంగు తిరిగి, గరుకుదేరి, నోటిదగ్గర గుంటలు పడి ఉంది. దాన్ని చూసి జాలిపడ్డాను. అదే పొడవు, అదే వంపు, అదే మందం కొలుచుకుని నల్లటి ఆక్రిలిక్‌తో కొత్తది చేశాను. చేసినవాటన్నింటిలోకీ అదే బాగా కుదిరింది.

మర్నాడు సాయంత్రం ఆమె స్కూటరు మీద వాళ్లింటికి వెళ్లాం. పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. కొత్త కాడ బిగించిన పైపు చూడగానే రెండు చేతులూ చాచి అందుకున్నాడు. నోట్లో పెట్టుకుని ఎడమకు జరిపాడు, కుడికి జరిపాడు, మళ్లీ ఎడమకు. తర్వాత తీసి ఒళ్లో పడేసి పెదాలు బిగించేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతందమైన కాడను పట్టుకుని ఇదేం పని పెద్దాయనా అని అడిగేద్దామనుకున్నాను. అంతలో ఆమె చేతిలో కలిపి పెట్టుకున్న పెరుగన్నం గిన్నె కనిపించింది. నా మీది నమ్మకంతో ముందే కలిపేసుకుంది పాపం!

ఆయన ఎదురుగా నేలమీద కూర్చుని చూస్తూ ఉండిపోయాను. నోరు ఖాళీగా ఉన్నా దవడ ఎడమవైపుకి కదులుతూనే ఉంది. పై పన్ను, కింది పన్ను దేన్నో వెతుకుతున్నాయి. సంచిలోంచి పాత ముక్క తీశాను. ఎడమవైపు పైన ఒక గుంట, కింద ఒక గుంట. అరిగి పాడైందనుకుని కొత్తదాంట్లో నేను వదిలేసింది వాటినే. ఆయన ఇన్నేళ్లూ పళ్లతో తవ్వుకున్న చోటు అది. మెత్తటి రబ్బరు కాబట్టి పంటికి లొంగింది, నా ఆక్రిలిక్ జన్మలో లొంగదు.

సన్నటి గుండ్రటి ఆకురాయి తీసుకుని వరండాలో కూర్చున్నాను. ఆ మెరుపు మీద మొదటి గీత పెట్టడానికి చెయ్యి రాలేదు. తిట్టుకుంటూనే పెట్టాను.

"అయ్యో, కొత్తదాన్ని గీకేస్తా ఉండావే అక్కా!" అందామె.

"మీ నాయన పళ్లు చేసిన పని నేను చేస్తా ఉండానమ్మా. కాస్త ఆగు."

పాత ముక్కను పక్కన పెట్టుకుని, వేలితో తడుముతూ రెండు గుంటలూ అదే లోతున దించాను. అంచులు మాత్రం గుచ్చుకోకుండా నునుపు చేశాను. గుంటల లోపల మెరుగు పెట్టలేదు, పన్ను జారుతుంది.

ఈసారి ఆయన చేతికివ్వకుండా నేనే పెదాల దగ్గర పెట్టాను. అయిష్టంగా నోరు తెరిచాడు. కాడ ఎడమకు జరిగింది. టక్కుమని చిన్న చప్పుడైంది. దవడ కదలడం ఆగిపోయింది. భుజాలు కిందికి దిగాయి, కళ్లు మూసుకున్నాడు. ఆమె గిన్నె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.

కాసేపటికి కళ్లు తెరిచి గిన్నె వంక చూసి మొహం చిట్లించాడు. పైపు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏందమ్మా అట్టా నిలబడినావు? ఊరగాయ యాడ?"

ఆమె వంటింట్లోకి పరుగెత్తి ఊరగాయ జాడీని జాడీగానే ఎత్తుకొచ్చింది. మూత బిగుసుకుని రాకపోతే నేనే తీసిచ్చాను.