ఇమాంబీ అర్రకు కొలిచిన పరుపు

చిలకలగూడలో చలికాలం వచ్చిన సంగతి జనానికి ఇమాంబీ దూదేకే విల్లు చప్పుడుతో తెలిసేది. పొద్దున్నే టంగుటంగుమని ఆ చప్పుడు మొదలైతే చాలు, ఆడవాళ్లు అణిగిపోయిన పరుపులు బయటికి లాగి దూది ఏకించుకోవడానికి బయలుదేరేవాళ్లు. ఇమాంబీ ఊరికే ఏకేది కాదు. ముందు దూదిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేది, తర్వాత ఆ ఇంటివాళ్లకు నాలుగు చీవాట్లు పెట్టేది. "దీన్ని ఎన్నడన్న ఎండకేసిన్రా? పిల్లగాండ్లు తడుపుడు, మీరు దుప్పటి కప్పి దాసుడు!" ఆమె చేత తిట్లు తినకపోతే పరుపు మెత్తగా రాదని పేటలో ఒక నమ్మకం కూడా ఉండేది.

దూదేకుల ఇంటి బిడ్డ ఆమె. భువనగిరి నుంచి దూదేకే మౌలా అలీకి పెళ్లామై వచ్చి, ధాన్యం వ్యాపారి భద్రయ్య ఇంటి వెనక వాకిట్లో ఉన్న ఒంటి గదిలో, పేట మాటలో అర్రలో, కాపురం పెట్టింది. విల్లు వేలాడదీసుకోవడానికి ఆ గది దూలానికి భద్రయ్యే దగ్గరుండి ఇనుప కొక్కెం కొట్టించాడు. గది మూలన ఒక రాతి దిమ్మె ఉండేది. ఇల్లు కట్టిన మేస్త్రీ దాన్ని పెకలించే ఓపిక లేక వదిలేశాడు. మౌలా అలీ పొద్దునా సాయంత్రం దాని మీదే కూర్చుని చాయ్ తాగేవాడు. ఆయన జ్వరంతో పోయాక ఇమాంబీ కొన్నాళ్లు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, విల్లు తనే అందుకుంది. ఆడమనిషి విల్లు పట్టడమేమిటని నవ్వినవాళ్లు నవ్వారు. చలి ముదిరాక వాళ్లే పరుపులు మోసుకొచ్చారు. వాళ్ల దగ్గర కూలి కాస్త ఎక్కువే గుంజింది మహాతల్లి.

తర్వాత భద్రయ్య కూడా పోయాడు. ఆయన భార్య అనసూయమ్మ, పిల్లాజెల్లా లేని మనిషి, ఆయన పడుకున్న ముందు గదికి తాళం వేసి చెవి కొంగున కట్టుకుంది. మనిషి పోతే పరుపు ఎవరికైనా ఇచ్చేయాలని పెద్దలు చెప్పినా వినలేదు. ఆ పరుపు ఆ గదిలోనే ఉండిపోయింది. ఒకే ఆవరణలో ఇద్దరు ఒంటరి ఆడవాళ్లు, నీళ్ల దగ్గర పోట్లాడుకుంటూ, కూరలు ఇచ్చిపుచ్చుకుంటూ రోజులు వెళ్లదీశారు.

పోలీసు చర్య జరిగిన ఏడాది వచ్చింది. నిజాం మీదికి ఇండియా సైన్యం దిగిన ఆ నాలుగు రోజులూ బయట ఏమవుతుందో తెలియక ఇమాంబీ వణికిపోతుంటే, అనసూయమ్మ వాకిలి గడియ పెట్టి, దానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చుంది. "నా ఇంట్ల ఎవడు అడుగు వెడ్తడో నేనూ చూస్త," అంది. ఆ మాట ఇమాంబీ చచ్చేదాకా మరిచిపోలేదు. ఇక ముందు జరిగింది చెబితే అనసూయమ్మ మీద మీకు కోపం రావచ్చు. అందుకే ఈ ముక్క ముందే చెప్పి పెట్టాను.

నిజాం సర్కారు పోయి ఇండియా సర్కారు రావడంతో సికింద్రాబాద్ స్టేషన్లో కొత్త మనుషులు దిగడం మొదలైంది. మద్రాసు వైపు నుంచి గుమాస్తాలు, ఆఫీసర్లు, వాళ్ల వెనక పెట్టెలు, పిల్లలు. అందరికీ ఇళ్లు కావాలి. కిరాయిలు చూస్తుండగానే రెట్టింపయ్యాయి. కోళ్లగూటికి సున్నం కొట్టి అర్ర అని ఇచ్చిన మహానుభావులు కూడా పేటలో తేలారు. భద్రయ్య దుకాణం మూతపడి, బియ్యం ధర మండిపోతూ, ఇంటి పెంకులు కారుతూ ఉన్న అనసూయమ్మ ఎంతకాలం చెవులు మూసుకుంటుంది? నెల్లూరు నుంచి వచ్చిన జ్ఞానశేఖర్ అనే గుమాస్తా నిజాం హాలీ రూపాయలు కాదు, విలువ ఎక్కువుండే ఇండియా కల్దార్ రూపాయలే ఇస్తానన్నాడు. ఇమాంబీ పనికి పోయిన పూట ఆమె ఉంటున్న వెనక గది చూపించి, సరేనని మాట ఇచ్చేసింది.

ఇచ్చిన మాట ఇమాంబీకి చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. బదులుగా గిన్నెలు పంపడం మొదలుపెట్టింది. ఒకరోజు పప్పుచారు, ఒకరోజు సకినాలు, ఒకరోజు ఏకంగా నెయ్యి. ఇమాంబీ ఆ నెయ్యి గిన్నె కేసి అనుమానంగా చూసింది. "గీ అమ్మకు పానం గిట్ల బాగలేదా ఏంది?" అని నిజంగానే పరేషాన్ అయింది.

అలాంటి రోజుల్లోనే ఒక చామనచాయ పిల్ల ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. కడుపుతో ఉంది. పేరు దేవకృప అనీ, నెల్లూరు నుంచి వచ్చి స్టేషన్ దగ్గర సత్రంలో ఉంటున్నామనీ, కొత్త ఇంట్లో దిగేలోగా పరుపు కావాలనీ చెప్పింది.

"సత్రంలో బండల మీద పడుకోలేకపోతున్నానవ్వా. నడుం పట్టేస్తోంది," అంటూ ముడులు వేసిన దారం ఒకటి చేతికిచ్చింది. "మా ఆయన కొలిచి తెచ్చాడు. ఈ ముడి దాకా పొడవు, ఇక్కడిదాకా వెడల్పు. గది ఇరుకు. పైగా మూలన రాతి దిమ్మె ఒకటుందంట. అది పోగా పట్టాలి."

ఇమాంబీ దారాన్ని చేతుల మధ్య చాచింది. ఆ కొలత ఆమెకు కొత్తది కాదు. ఆ వెడల్పులోనే ఇన్నేళ్లూ కాళ్లు ముడుచుకుని పడుకుంది. సకినాలు, నెయ్యి, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

"ఎన్నో నెల బిడ్డా?" అని మాత్రం అడిగింది.

"ఏడోది."

"పో. కుట్టి పెడ్త."

చిలకలగూడలో పరుపు ఎవరికి కావాలన్నా ఇమాంబీ దగ్గరికే వస్తారన్న సంగతి అనసూయమ్మకు తట్టలేదు. అంత గుట్టుగా గది అప్పగించి, కొత్తవాళ్లకు పరుపు కుట్టించుకోమని చెప్పిన మనిషిని ఏమనాలి?

మర్నాడు ఇమాంబీ కార్ఖానా బస్తీ వైపు గది వెతుక్కుంటూ వెళ్లింది. ఒకచోట కిరాయి విని వెనక్కి తిరిగింది. ఒకచోట దూది పని అనగానే, నూగు లేస్తుంది, వద్దన్నారు. ఇంకోచోట అన్నీ కుదిరాక పేరడిగి, తలుపు మెల్లగా వేసుకున్నారు. తిరిగొచ్చి రాతి దిమ్మె మీద కూలబడి చాలాసేపు కొక్కెం కేసి చూసింది. ఎక్కడికి పోవాలి? పోయినా విల్లు ఎక్కడ కట్టాలి? అయినా లేచి ఆ పిల్ల పరుపుకు దూది ఏకింది. మనిషి మీద కోపం ఉంటే దూది ఇంకా బాగా విచ్చుకుంటుందేమో, అంత మెత్తటి పరుపు ఆమె ఎన్నడూ కుట్టలేదు.

కుట్టడం అయ్యాక దారం పట్టుకుని అనసూయమ్మ ముందు నిలబడింది.

"అమ్మా, గీ కొలత ఎవరి అర్రది?"

అనసూయమ్మ చేతిలో చేట జారింది. బియ్యం నేలపాలయ్యాయి.

"ఏం జెయ్యనే ఇమాంబీ? ఇల్లు కారుతున్నది. తినెతందుకు లేదు. నీతోని చెప్పాల్నంటే నోరు రాలే."

"నెయ్యి పంపెతందుకు చెయ్యొచ్చింది గని!" అంది ఇమాంబీ. "ముందటి అర్ర ఉత్తగనే ఉన్నది గద. అది ఇయ్యరాదు?"

అనసూయమ్మ ముఖం ఎర్రబడింది. "అది మా ఆయన అర్ర. నా మొగని అర్ర ముచ్చట నువ్వు తియ్యకు."

"నా మొగని అర్ర ముచ్చట నువ్వు తియ్యలేదా అమ్మా?"

ఇద్దరూ కింద కూర్చుని చిందిన బియ్యం ఏరారు. ఏరడం అయ్యాక ఇమాంబీయే మెత్తబడింది.

"ఆయన ఉంటే ఏం చేస్తుండె? కడుపుతోని ఉన్న పిల్లను సత్రంల బండల మీద పండవెట్టి తాళం ఏసుకుంటుండెనా? మా ఆయనకు కొక్కెం కొట్టించిన మనిషమ్మా ఆయన."

అనసూయమ్మ లేచి ముందు గది తలుపు దగ్గరికి నడిచింది. కొంగు ముడి విప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

తలుపు తీస్తే మక్కిన వాసన గుప్పుమంది. భద్రయ్య పరుపు అట్టలా అణిగిపోయి ఉంది. ఇమాంబీ అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఈసారి మాత్రం తిట్టలేదు.

"జెర ఎండ చూపియ్యాలె," అంది.

అనసూయమ్మ తలుపు పట్టుకుని నిలబడి అడిగింది. "ఇమాంబీ, ఆయన దూదితోని పసిబిడ్డకు కుట్టొచ్చా? దోషం గిట్ల ఉంటదా?"

"మంచోని దూదికి దోషమేంది? ఎండవెట్టి ఏకితే కొత్తదే." గుమ్మం దిగుతూ ఆగింది ఇమాంబీ. "నా కిరాయి సుత జెర పెంచుకో. గని కొక్కెం ముట్టనియ్య."

ఆదివారం జ్ఞానశేఖర్ పెట్టెలు మోసుకుంటూ తిన్నగా వెనక వాకిట్లోకి నడిచాడు. "అటు కాదు బాబూ, ఇటు. అది ఇమాంబీ అర్ర," అని అనసూయమ్మ అరుగు మీంచి కేకేసింది. ముందు గదిలో కొత్త పరుపు పరిచారు. గోడకూ పరుపుకూ మధ్య బోలెడు ఖాళీ మిగిలింది.

"చిన్నగైందేందే?" అంది అనసూయమ్మ.

"నా అర్రకు కొలిచిందాయె. గట్లనే అయితది," అంటూ ఇమాంబీ చంకలో మూట విప్పింది. చారెడు పరుపు ఒకటి తీసి ఆ ఖాళీలో పెట్టింది. గోడకూ పెద్ద పరుపుకూ మధ్య అది సరిగ్గా పట్టింది.

దేవకృప వంగి దాన్ని తడిమింది. "ఇది మేం అడగలేదే అవ్వా. ఎవరిచ్చారు?"

"ఇంటి పెద్దమనిషి ఇచ్చిండు బిడ్డా. ఉంచుకో."

భద్రయ్య పోయిన రోజు కూడా నలుగురిలో ఏడవని అనసూయమ్మ, ఆ చిన్న పరుపు పక్కన నేల మీద కూర్చుని, దాని మీద చెయ్యి వేసి, అందరూ చూస్తుండగా ఏడ్చింది. ఇమాంబీ తన కొంగుతో ఆమె కళ్లు తుడిచింది.