మంచం కింద కాపాడిన తెలుగు

ఆ రోజుల్లో ఎవరైనా ఒక సమస్య చెప్పడమే ఆలస్యం, దాన్ని నేనే తీర్చాలని పూనకం వచ్చేసేది. తీరిస్తే ఎవరికి లాభమో ఆలోచించే తీరిక ఉండేది కాదు. సిడ్నీలో యూనివర్సిటీకి వెళ్తూ, మా పేట లైబ్రరీలో వారానికి మూడు పూటలు పుస్తకాలు సర్దేవాణ్ణి. అక్కడ తెలుగుకి ఒకే ఒక్క అర. ఎవరూ తీసుకెళ్ళని పుస్తకాలను నెలాఖరుకి తీసేస్తామని ఒకరోజు మేనేజరు చెప్పింది. ఇంకేముంది, మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో దండోరా వేశాను: "అర్జెంట్. శనివారం ఆర్వో అందరూ లైబ్రరీకి రండి. మనిషికి పది పుస్తకాలు. మన తెలుగుని సేవ్ చేద్దాం." (ఆర్వో అంటే ఇక్కడి యాసలో మధ్యాహ్నం.) గిరావీన్, క్వేకర్స్ హిల్ లాంటి దూరపు పేటల నుంచి కార్లేసుకుని వచ్చారు. (తెలుగు చదవడం రాని పిల్లలు కూడా తలా పదీ మోసుకెళ్ళారు.) గంటలో అర ఊడ్చినట్టు ఖాళీ. నా వంతు పదీ గదికి తెచ్చి మంచం కిందకు తోశాను. యుద్ధం గెలిచినంత సంబరం.

సోమవారం ఆ ఖాళీ అర ముందు ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. కరీంనగర్ నుంచి కొడుకు దగ్గరికొచ్చి, రోజూ ఇక్కడ అట్ట ఊడిన పాత నవల ఒకటి చదువుకుంటోందట. గురువారం తిరుగు ప్రయాణం. నేను ఛాతీ విరుచుకుని నా ఘనకార్యం చెప్పాను. ఆమె నెమ్మదిగా విని, "మంచిగనే కాపాడినవ్ బిడ్డా. గని సదివేటోళ్లకు దొర్కకుంట కాపాడితే ఎట్ల?" అంది. పక్కనున్న మనవరాలు, "షీ హ్యాస్ ఓన్లీ ఫిఫ్టీ పేజెస్ లెఫ్ట్" అని నావైపు గుర్రుగా చూసింది. సిగ్గుతో నా ముఖం మాడిపోయింది.

రెండు రోజులు అందరికీ ఫోన్లు చేశాను. "అట్ట లేని నవలా? మా ఇంట్లో లేదు బాబూ, మీ అంకుల్ అన్నీ వంటల బుక్సే తెచ్చారు" అంది ఒక ఆంటీ. బుధవారం సాయంత్రం తీరా చూస్తే, అది నా మంచం కిందే ఉంది. (ఒక్క పేజీ కూడా తిప్పి చూడలేదు.) మనవరాలు ఇచ్చిన అడ్రసుకి పరుగున వెళ్ళేసరికి ఆమె సూట్‌కేసు సర్దుకుంటోంది. లైబ్రరీ పుస్తకాన్ని దేశం దాటించలేం. అప్పుడు బుర్ర వెలిగింది. వంటింటి బల్ల మీద నవల పరిచి, మిగిలిన పేజీలన్నీ ఫోటోలు తీసి ఆమె ఫోన్లోకి పంపాను. ఉత్సాహంలో చూసుకోనేలేదు, ప్రతి పేజీ మూలా నా బొటనవేలు పడింది.

హైదరాబాదులో దిగగానే ఆమె వాయిస్ మెసేజ్ పంపింది. "అయిపోయింది బిడ్డా. నీ ఏలు కింద మాటలు నేనే అనుకొని సదివిన."

పుస్తకాలన్నీ వెనక్కి చేరాయి, అర నిలబడింది. ఇప్పుడు పాత పుస్తకాలను డిజిటల్ చేసి, ఎవరైనా ఎక్కడినుంచైనా చదువుకునేలా తెరిచి ఉంచడమే నా ఉద్యోగం. ఆ కుర్రాడి తొందర నాలో పోయింది, మంచిదే. పేజీ మూల బొటనవేలు పడేంత ఆ ఉత్సాహం కూడా పోయిందే అని అప్పుడప్పుడు నాలో నేనే నవ్వుకుంటాను.