రాగుల మూటలో గొట్టం

“...సూదే కదండీ పొడిచేది, కత్తి కాదు కదా!” అంది భార్య విశాలమ్మ.

“నీ కడుపులో పొడిపించుకో పో, తెలుస్తాది,” అన్నాడు అశ్వత్థప్ప.

ముళబాగిలు బజారులో అతనిది రాగుల అంగడి. ఏ రైతు మాటా నమ్మడు. మూట దిగగానే గోడకున్న ఇనుప గొట్టం తీసి, అడుగున గుచ్చి, జారిన గింజలను అరచేతిలో వాసన చూసి, ఒకటి కొరికి, అప్పుడు ధర చెబుతాడు. ఇప్పుడు అతని క్లోమంలోనే గడ్డ ఉంది. నోట్లోంచి గొట్టం దించి, స్కానింగులో చూస్తూ సూదితో ముక్క తీస్తేగానీ అదేమిటో చెప్పలేమన్నాడు కోలారు డాక్టరు. భయంతో వాయిదా వేస్తూ వస్తున్నాడు. ఈలోగా ఒళ్లు చిక్కి మొలతాడు వదులైంది.

అంతలో ఎదురంగడి గిరీశ్ వచ్చాడు. పంపకాలప్పుడు నాన్న ఆనుకునే దిండు కూడా వదలని తమ్ముడు. రోజూ అంగడి తెరవగానే అశ్వత్థప్ప ఉమ్మేది అటువైపే. గిరీశ్ గోడమీది గొట్టం తీసి, అన్న మూటలో గుచ్చి, గింజ కొరికి చూశాడు.

“బాగుండాయన్నా. నీకేమన్నా అయితే సరుకంతా నేనే ఎత్తుకుంటాలే. వదినకేం దిగులొద్దు.”

అశ్వత్థప్ప గొట్టం లాక్కుని, తువ్వాలుతో తుడిచి, మేకుకు తగిలించాడు.

“రేపే కోలారుకు పోదాం,” అన్నాడు భార్యతో, తమ్ముడి మొహం మీంచి చూపు తీయకుండా. “సూది పొడిపించుకుంటా. వీని అంగడికి బీగం పడేది చూసేదాకా నేను యాడికీ పోను.”