నల్లా పాటను వెన్నెల పాట చేసిన వైనం

ఆ రోజుల్లో నాతో ఒకే గదిలో బతికినవాళ్లు ఇప్పుడు ఎక్కడ ఎదురుపడినా ముందు క్షమాపణ చెప్పుకుని, తర్వాత కుశలం అడగాలనిపిస్తుంది. ఇరవై మూడేళ్ల వయసు, ఎవరో వాడి వదిలేసిన గిటారు, సంగీతాన్ని మళ్లీ మొదటినుంచి కనిపెట్టే బాధ్యత తన మీదే పడిందన్న నమ్మకం, ఈ మూడూ ఒకే మనిషిలో చేరితే పక్కవాళ్ల అవస్థ ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఎందుకంటే ఆ మనిషిని నేనే. మా బావకు బాగా తెలుసు. అడిగితే ఇప్పటికీ చెబుతాడు (అడక్కపోయినా చెబుతాడు).

బావంటే మా మేనమామ కొడుకు. ఇద్దరం గోదావరి జిల్లా నుంచి వచ్చి రహమత్ నగర్‌లో ఒక మేడ మీద ఒంటి గదిలో ఉండేవాళ్లం. హైదరాబాదులో అలాంటి గదిని పెంట్‌హౌస్ అంటారు. ఆ మాట ఫోన్లో చెప్పినందుకు మా అమ్మ వీధి వీధంతా గొప్పగా చెప్పుకుంది. బావ కీబోర్డు వాయించేవాడు, నేను గిటారు వాయిస్తూ పాడేవాణ్ని. మూడోవాడు చెక్కపెట్టె మీద కూర్చుని, కూర్చున్న పెట్టెనే అరచేతులతో వాయించేవాడు. మాకంటే రెండేళ్లు పెద్ద కాబట్టి పెట్టెన్న అనేవాళ్లం. మేముండే ఇల్లు ఆయన పెద్దమ్మది. ఆవిణ్ణి మేం ఓనరాంటీ అనేవాళ్లం. ఆవిడ పదిహేనేళ్లపాటు సినిమాల్లో జనంలో నిలబడిన మనిషి. పెళ్లి సీనులో పెళ్లివారు, సంత సీనులో కొనేవారు, ధర్నా సీనులో అరిచేవారు, అన్నీ ఆవిడే. టీవీలో పాత సినిమా వస్తే మమ్మల్ని కిందికి పిలిచి, "గదిగో, గా ఎర్రచీర నేనే!" అని చూపించేది. మేం చూసేలోపు హీరో అడ్డం వచ్చేవాడు.

జూబ్లీహిల్స్‌లో ఒక కాఫీ దుకాణంలో శనివారం సాయంత్రాలు మా ముగ్గురి కచేరీ. జనానికి నోటికొచ్చిన సినిమా పాటలు పాడాలి. అది నాకు పరమ అవమానంగా ఉండేది. ప్రతి పాటకూ ముందు "ఇది మేనేజర్ గారి కోరిక" అని మైకులో చెప్పి, ఆ పాపం మాకు అంటకుండా చూసుకునేవాణ్ని. మేనేజర్ ఒకరోజు పక్కకు పిలిచి, "సర్, మీ సొంత పాట మొదలుకాగానే అందరూ బిల్లు అడుగుతున్నారు, కొంచెం చూడండి" అన్నాడు. "చూశావా బావా, కళను బిల్లుతో కొలుస్తున్నారు" అన్నాను. "జనం వింటున్న పాట పాడితే తప్పేంట్రా? వాళ్లు సంతోషంగా గొంతు కలుపుతున్నారు కదా" అన్నాడు బావ. "నువ్వు ఫొటోస్టాట్ మిషనువి, నేను రచయితను" అన్నాను. నిజంగా అన్నాను. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

ఇలా ఉండగా ఒకరోజు, ఒక సంగీత దర్శకుడి దగ్గర అసిస్టెంటుగా పనిచేసే ఆయన కాఫీ తాగడానికి వచ్చి మా కచేరీ విన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీ సొంతవి ఏమైనా ఉన్నాయా? మాకొక చిన్న సినిమాకి మట్టివాసన ఉన్న ట్యూన్ కావాలి. వచ్చే శనివారం వినిపించండి" అన్నాడు. అంతవరకూ నా దగ్గర సొంత పాటలు పదమూడు ఉన్నాయని ఊరంతా చెప్పుకున్నాను. ఆ రాత్రే తీసి చూస్తే, పదమూడింటిలోనూ వర్షం, ఒంటరి రోడ్డు, నేను, ఈ ముగ్గురే ఉన్నారు. మట్టి ఎక్కడా లేదు.

మూడు రోజులు గింజుకున్నాను. నాలుగోనాడు పొద్దున్నే కింద వాకిట్లో నల్లా వచ్చింది (మా వైపు కుళాయి అంటాం). ఓనరాంటీ డ్రమ్ము నింపుతూ పాడుతోంది. రోజు విడిచి రోజు వినే పాటే. నీళ్లు వచ్చినన్నిసార్లూ పాడేది కాబట్టి నీళ్ల చప్పుడులో భాగమనుకుని ఎన్నడూ చెవి పెట్టలేదు. ఆ రోజు పెట్టాను.

"నల్ల వచ్చె యాళాయె, నా బిందె నిద్రవోయె,
సందు సందు దిరిగొచ్చె సన్నని నీళ్ల సప్పుడు..."

పిట్టగోడ మీంచి వంగి ఫోనులో రికార్డు చేశాను. ఆ రికార్డుకు 'ఐడియా 14' అని పేరు కూడా పెట్టాను. తెలియక జరిగిందని తప్పించుకునే దారి అందుకే నాకు లేదు. సాయంత్రానికల్లా నల్లా తీసేసి వెన్నెల పెట్టాను, బిందె తీసేసి మనసు పెట్టాను. "వెన్నెలొచ్చే వేళాయె, నా మనసు నిద్రపోయె." అంతే, నా పాట తయారైంది. మర్నాడు ప్రాక్టీసులో పాడి వినిపిస్తే బావ, "ఇన్నాళ్లకు మనిషి మాటలాడావురా" అని నా భుజం తట్టాడు. పెట్టెన్న మాత్రం నా వైపు చూసి మీసాల్లో నవ్వుకుని తాళం అందుకున్నాడు. కనిపెట్టలేదులే అని నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన కనిపెట్టాడు. కాకపోతే నా అంత నీచంగా ఆలోచించడం ఆయనకు చేతకాదు. వాళ్ల పెద్దమ్మ పాటను పెద్ద వేదిక మీద పాడి ఆవిణ్ణి ఆశ్చర్యపరచబోతున్నాననీ, అందుకే గుట్టుగా ఉంచుతున్నాననీ అనుకున్నాడు. ఆ ఆశ్చర్యానికి తనవంతు సాయంగా శనివారం సాయంత్రం ఆవిణ్ణి ఆటోలో ఎక్కించి తీసుకొచ్చి, మూల బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. నేను చూడలేదు. నా చూపంతా ముందు బల్ల దగ్గరున్న అసిస్టెంట్ గారి మీదే ఉంది.

పాటకు ముందు ఉపన్యాసం ఇచ్చాను. "ఇతరుల పాటలు పాడటం సులువు. కానీ లోపల్నుంచి పుట్టిన పాట వేరు. ఇది ఒక రాత్రి ఒంటరిగా ఉన్నప్పుడు నాలోంచి వచ్చింది" అన్నాను. పాట మొదలుపెట్టాను. పల్లవి అయ్యేసరికి ఎవరూ బిల్లు అడగలేదు. చెంచాల చప్పుడు కూడా ఆగింది. అసిస్టెంట్ గారు బల్ల మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. చరణం నా దగ్గర లేదు కాబట్టి పల్లవే తిప్పి తిప్పి పాడుతుంటే, మూల బల్ల దగ్గర్నుంచి ఓనరాంటీ లేచి నిలబడింది. మొహం వెలిగిపోతోంది. తిన్నగా నడుచుకుంటూ వచ్చింది. పెట్టెన్న పెట్టె దిగి తన ముందున్న మైకు ఆవిడకిచ్చాడు.

"గుట్ట మీది బంగ్లకు పిలవకున్న పోతవు,
గుట్ట కింది నా గడపకు పిలిచి పిలిచిన రావు..."

జూబ్లీహిల్స్ గుట్ట మీద, ఏసీ గదిలో, నీళ్లతో ఆవిడ పెట్టుకున్న తగాదా అది. జనం చప్పట్లతో హాలు ఎగిరిపోయేలా చేశారు. ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఇక నేను చెప్పాల్సింది ఒక్క ముక్క. "ఇది ఈవిడ పాటండీ." పెట్టెన్న ఆ ముక్క కోసమే ఎదురుచూస్తున్నాడు. నేను మైకు దగ్గరికి జరిగి, నవ్వి, "మా ఇంటి ఓనరాంటీ. నా పాట రోజూ విని విని నేర్చేసుకున్నారు!" అన్నాను.

అందరూ ముచ్చటపడి నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వింది, పదిమందిలో ఏం చేయాలో తెలియక నవ్వే నవ్వు. మైకు మెల్లగా స్టాండులో పెట్టి వెళ్లి కూర్చుంది. కచేరీ అయ్యాక అసిస్టెంట్ గారు నా చెయ్యి పట్టుకుని, "ఆ గుట్ట చరణం అదిరిందయ్యా. అదీ నువ్వే రాశావా?" అన్నాడు. "అవునండీ" అన్నాను. మొదటి అబద్ధం భయంతో ఆడాను. రెండోది మాత్రం ఆత్రంగా, "ఒక రాత్రి..." అని కూడా మొదలుపెట్టి ఆడాను.

ఇంటికి వెళ్లేటప్పుడు పెట్టెన్న వాళ్ల పెద్దమ్మతో పాటు వేరే ఆటో ఎక్కాడు. బావ ఒక్క మాటే అన్నాడు. "ఎవరి పాటో చెప్పి పాడితే కవర్ సాంగురా. చెప్పకుండా పాడితే నీ సొంత పాట. ఇన్నాళ్లకు తేడా అర్థమైంది." సోమవారం పొద్దున్న నల్లా వచ్చింది. డ్రమ్ములో నీళ్లు పడుతున్న చప్పుడు మాత్రమే వినిపించింది. మేడ దిగి ఆవిణ్ణి దాటుకుని వెళ్లడానికి మొహం చెల్లలేదు. చెప్పులు చేతిలో పట్టుకుని, ఆవిడ బిందె లోపల పెట్టడానికి వెళ్లిన సందు చూసి గేటు దాటాను. ఎక్కడికి? ఫిలింనగర్‌కి. అసిస్టెంట్ గారు పదకొండింటికి రమ్మన్నాడు. పశ్చాత్తాపం ఉంది కదా, వెళ్లడం మానుకున్నావా అని అడక్కండి. తలకు నూనె రాసుకుని మరీ వెళ్లాను.

ఫిలింనగర్‌లో అదొక మామూలు ఇల్లే. కింది గదిలో రికార్డింగు, పై గదిలో అసిస్టెంట్ గారు. కాగితం, పెన్ను నా ముందుకు తోసి, "ఆ చరణం మొత్తం రాయి. కింద నీ పేరు రాసి సంతకం పెట్టు, సార్‌కి చూపిస్తా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ఆ చరణం నేను విన్నది ఒక్కసారి, అదీ కంగారులో. 'గుట్ట మీది బంగ్లకు' తర్వాత ఒక్క అక్షరం తట్టలేదు. "ఒక్క నిమిషమండీ" అని మూలకెళ్లి బావకు ఫోన్ చేసి, "ఎలాగైనా ఆ చరణం కనుక్కోరా" అని బతిమాలాను. బావ ఫోను కిందికి తీసుకెళ్లి ఓనరాంటీ చేతికే ఇచ్చాడు. అంతకంటే నన్ను కొట్టినా బాగుండేది.

"చెప్పు బిడ్డా" అంది ఆవిడ. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను. "చరణం కావాల్నట గద. రాస్కో" అంది. "ఆంటీ, మీకు కోపం లేదా?" అన్నాను గొంతు తగ్గించి. "ఎందుకు లేదు? మస్తున్నది. గానీ కోపం నీ మీద, పాట మీద గాదు. సగం పాడితె పాటకు మంచిగుండదు. రాస్కో." ఆవిడ చెబుతుంటే వచ్చి కుర్చీలో కూర్చుని రాసుకున్నాను. అసిస్టెంట్ గారు ఏవో కాగితాల్లో తల దూర్చి ఉన్నాడు. ఫోను బల్ల మీద పెట్టి కింద పేరు రాయడం మొదలుపెట్టాను. ఇక్కడ నేను పెన్ను విసిరేశానని రాసుకుంటే ఎంత బాగుండును! లేదండీ. ఇంటిపేరు పూర్తిచేసి అసలు పేరు మొదటి అక్షరంలో ఉన్నాను. ఫోన్ కట్ చేయలేదని అప్పుడు తెలిసింది. బల్ల మీది ఫోన్లోంచి ఆవిడ గొంతు గట్టిగా వినిపించింది.

"బిడ్డా, ఇంకొక లైనున్నది, రాస్కున్నవా? 'ఎక్కుడు నేర్చిన నీళ్లా, దిగుడెవ్వరు నేర్పలేదా?'"

అసిస్టెంట్ గారు తల ఎత్తి, "ఎవరయ్యా అది?" అన్నాడు. నాకు ఏ అబద్ధమూ దొరకలేదు. వెతికాను, దొరకలేదు. "ఈ పాట రాసినావిడండీ" అన్నాను. ఆయన కాగితం వైపు, నా వైపు మార్చి మార్చి చూసి, "మరి నువ్వేం రాశావు?" అన్నాడు. "వెన్నెలండీ" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు మెట్లు దిగే వరకూ నా వీపు మీదే ఉంది. (తర్వాత ఆవిణ్ణి పిలిపించి పాట రికార్డు చేశారు. ఆ సినిమా ఆగిపోయింది కానీ, హెడ్‌ఫోన్లు పెట్టుకుని దిగిన ఫొటో వాళ్లింట్లో టీవీ పైన ఇప్పటికీ ఉంది. అందులో ఆవిడకు ఎవరూ అడ్డం లేరు.)

ఆ సాయంత్రం వాకిట్లో ఆవిడ ముందు నిలబడి క్షమించమని అడిగాను. ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తూ తల ఎత్తకుండా, "నాకు జెప్తే ఏమొస్తది? నా పాటని నాకెర్కనే గద. పదిహేనేండ్లు జనంల నిలవడ్డ. ఒక్కపారి మైకు ముందట నిలవడితె, మళ్ల తీస్కపోయి జనంల నిలవెట్టినవ్. మైకుల అన్నదానికి మైకులనే చెప్పాలె" అంది. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఆపుకోవడానికి నేనూ రెండు చిక్కుడుకాయలు ఒలిచాను. అడ్డంగా ఒలిచానని ఆవిడ తిట్టింది. ఆ తిట్టుతో కొంచెం ప్రాణం లేచొచ్చింది.

తర్వాతి శనివారం మైకులో చెప్పాను. "పోయినవారం నేను అబద్ధం చెప్పాను. ఆ పాట మా ఓనరాంటీది. నాది అందులో వెన్నెల ఒక్కటే, అదీ అనవసరం" అన్నాను. నల్లాతోనే పాడాను. వాన వల్ల జనం పలచగా ఉన్నారు. పరుగున ఇంటికొచ్చి, "చెప్పేశాను ఆంటీ!" అన్నాను. "ఎంతమంది విన్నరు?" అంది. "పదకొండు మంది." "నువ్వు అబద్ధమాడిన దినం నలభై మందుండిరి. అండ్ల ఈ పదకొండు మంది ఉన్నరా?" నిజాయతీగా ఆలోచించి, "ఒక జంట ఉన్నట్టుంది" అన్నాను. "అయితే ఇంక ముప్పై ఎనిమిది మందున్నరు" అని ఆవిడ లోపలికెళ్లి అన్నం వార్చుకుంది.

ఇది జరిగి ఎనిమిదేళ్లు దాటింది. ఇప్పుడు మధురానగర్‌లో పిల్లలకు గిటారు నేర్పుతున్నాను, శనాదివారాలు ఇతరుల పాటలు హాయిగా పాడుతున్నాను, ఎవరివో ముందే చెబుతున్నాను. ప్రతి కచేరీలో ఓనరాంటీ పాట ఉంటుంది. ఈపాటికి కొన్ని వేల మందికి చెప్పి ఉంటాను. వెళ్లి ఆ మాట అంటే ఆవిడ ఒప్పుకోదు. "వీళ్లు వేరే మంది గద బిడ్డా!" అంటుంది. నిజమే కదా. ఆ ముప్పై ఎనిమిది మందీ జూబ్లీహిల్స్ నుంచి ఏయే ఊళ్లకు పోయారో, నా గురించి ఎంత మంచిగా అనుకుంటున్నారో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో నవ్వొస్తుంది. ఆ గిటారు మహానుభావుణ్ణి పిలిచి కూర్చోబెట్టి, చేతికి చిక్కుడుకాయలిచ్చి, నిలువుగా ఒలవడం నేర్పాలనిపిస్తుంది. ఆ సాయంత్రం అక్కడ కాఫీ తాగినవారు ఇది చదువుతున్నవారిలో ఎవరైనా ఉంటే, ఏమండీ, ఆ పాట నాది కాదు. ఉన్నామని ఒక్క ముక్క కబురు పెట్టండి, ఆవిడకు చెప్పుకుంటాను.