రంగం దారిలో తప్పిపోయిన మేనత్త

మా అయ్య ఆ ముసలాయన భుజంలో కొక్కెం దింపినప్పుడు నేను గుమ్మంలోనే ఉన్నాను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మల్కాపురంలో మాది రెండు గదుల రేకుల ఇల్లు. అయ్య పోర్టులో హమాలీ. బస్తాలు లాగే ఇనప కొక్కెం చేత్తో పట్టుకునే డ్యూటీ నుంచి వచ్చేవాడు. ఆ మధ్యాహ్నం అతను వచ్చేసరికి మా అరుగు మీద డెబ్బై ఏళ్లకు దగ్గరైన మనిషి కూర్చుని, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతున్నాడు. భీమిలి నుంచి బస్సులో వచ్చానని, అయ్యని చిన్నప్పుడు ఎరుగుదునని మాతో చెప్పాడు.

అయ్యని చూడగానే లేచి నిలబడ్డాడు. "గురుతు పట్టినావా నాయినా? నాను మేస్త్రిని. రంగం నుంచి నడిసొచ్చినపుడు మీ సెల్లి..."

మాట పూర్తి కాలేదు. కొక్కెం మొన భుజంలో దిగింది. అయ్య దాన్ని ఊడలాగి, తిరగేసి, పిడితో మెడ కింద ఎముక మీద కొట్టాడు. విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అమ్మ అడ్డం వెళితే ఆమెను గోడకేసి విసిరాడు. పక్కింటి మగాళ్లు ఇద్దరొచ్చి వెనక నుంచి పట్టుకునే దాకా ఆగలేదు. ముసలాయన అరవలేదు. తలకు కనీసం చెయ్యి కూడా అడ్డం పెట్టుకోలేదు.

నేనే రిక్షాలో ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లాను. నా చీర కొంగు మడతపెట్టి గాయం మీద అదిమి పట్టుకున్నాను. అక్కడ డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, "మెట్టు మీంచి జారి పడ్డాను బాబూ. కింద గునపం ఉన్నాది" అన్నాడు.

డాక్టరు వెళ్లాక అడిగాను. "నిజం ఎందుకు సెప్పలేదు తాతా?"

"ఆడు నన్ను కొట్టాలని ఎన్నేళ్ల నుంచి ఉన్నాడో. పోనీ, కొట్టేసినాడు."

"మా అయ్య సెల్లికి ఏటయ్యింది?"

"ఆడు అడిగితే సెప్తాను. నీకు కాదు."

ఆస్పత్రిలో రాయించిన చిరునామాకి కబురు పెడితే, సాయంత్రం ఆయన కొడుకు వచ్చి తీసుకెళ్లిపోయాడు. ఆ కొడుకు నాకేసి చూసిన చూపు చాలా రోజులు మర్చిపోలేదు.

మా వైపు వాళ్లు రంగూన్‌ని రంగం అంటారు. భీమిలి దగ్గర పల్లెల్లో రంగం వెళ్లని ఇల్లు తక్కువ. మా తాత, నానమ్మ కూడా ఓడెక్కి వెళ్లారు, అయ్య అక్కడే పుట్టాడు. యుద్ధం వచ్చినప్పుడు అతనికి పన్నెండేళ్లు. ఈ కథ అయ్య తాగినప్పుడే చెప్పేవాడు, ఎప్పుడూ ఒకే వరసలో. రేవు మీద బాంబులు పడ్డాయి, గోడ కూలి నానమ్మ దాని కింద పోయింది. మిగిలినవాళ్లు, ఊళ్లనుంచి కూలీలను రంగం తీసుకెళ్లే మేస్త్రి గుంపుతో అడవుల్లో నడక మొదలుపెట్టారు. ఒక కనుమ దగ్గర పొడుగు కత్తుల మనుషులు మీద పడ్డారు. తాతని అయ్య కళ్లముందే మెడ మీద నరికారు. కొబ్బరిబొండం కొట్టినట్టు చప్పుడయిందని చెప్పేవాడు. ఆ తర్వాత ఒకటే మాట: "మేస్త్రి నా సెల్లిని ఎత్తుకుపోయి అమ్మేసినాడు."

అక్కడికి వచ్చేసరికి ఎవరో ఒకరిని కొట్టేవాడు. ఎక్కువసార్లు అమ్మని. అమ్మ ముందు పళ్లు రెండు అలాగే పోయాయి. నాకు పదేళ్లప్పుడు తగిలిన దెబ్బకి ఎడమ చెవి ఈ రోజుకీ సరిగ్గా వినపడదు. పోర్టులో కూడా అయ్యతో గొడవకి ఎవరూ వచ్చేవారు కాదు. ఒకసారి ఎవరో బస్తాల వరసలో తన ముందుకొచ్చాడని అతని దవడ విరగ్గొట్టాడు.

కొట్టించుకున్న మనిషి కొట్టినవాణ్ణి ఎందుకు కాపాడాడన్నది నన్ను వదల్లేదు. ఆడపిల్లని అమ్ముకున్నవాడు అంత దూరం నుంచి బస్సెక్కి ఎందుకొస్తాడు?

అవి ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేయిస్తున్న రోజులు. ఎవరి భూమి ఎంతో తేల్చడానికి పాత కాగితాలు బయటికి తీస్తున్నారు. టైపు పాసయిన నాకు ప్రభుత్వ రికార్డు గదిలో తాత్కాలికంగా పని దొరికింది. రోజంతా సర్వే నంబర్లు కొట్టడమే. అక్కడి ముసలి గుమస్తా ఒకాయన, రిటైరవడానికి దగ్గర పడ్డవాడు, మాటల్లో చెప్పాడు. యుద్ధకాలంలో బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్ల పేర్లు సరిహద్దు క్యాంపుల్లో రాసుకుని, జిల్లాల వారీగా జాబితాలు ఇక్కడికి పంపేవారట. ఊళ్లలో బంధువులకు కబురు చెయ్యడానికి.

"అవి ఇప్పుడూ ఉన్నాయా?"

"కట్టలకు కట్టలు. ఎవరిక్కావాలమ్మా?"

నాక్కావాలన్నాను. భోజనం గంటలో చూసుకోమన్నాడు. ఐదు నెలలు చూశాను. ముందు ఓడ ఎక్కినవాళ్ల పుస్తకంలో తాత దొరికాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, ఎడమ కనుబొమ మీద మచ్చ. ఆ మచ్చ సంగతి నాకెవరూ చెప్పలేదు. చూస్తుంటే ఏడుపొచ్చింది. సరిహద్దు జాబితాల్లో మాత్రం మా ఇంటిపేరుతో చాలామంది ఉన్నారు, వాళ్లెవరూ మావాళ్లు కాదు. పేరుకి ఎదురుగా కలరా, కలరా, కత్తి గాయం, ఆకలి అని రాసి ఉండేది. అన్నం డబ్బా తెరవకుండానే మూసేసిన రోజులున్నాయి.

చివరికి దొరికింది అస్సాం వైపు ఒక క్యాంపు జాబితాలో. ఆరేళ్ల ఆడపిల్ల. తండ్రి పేరు తాతది, ఊరు మాది. తీసుకొచ్చినవాడు మేస్త్రి. వచ్చిన పదకొండో రోజున కలరాతో మరణం. పక్కన ఇంగ్లీషులో ఇంకో రెండు ముక్కలు: ఈమె అన్న, పన్నెండేళ్లవాడు, దారిలో తప్పిపోయాడని ఈ మనిషి చెబుతున్నాడు, తెలిస్తే ఇతనికి కబురు చెయ్యాలి.

కాగితం మీద రాసుకుని ఇంటికి తెచ్చాను. మర్నాడు అయ్యకి సెలవు. పొద్దున్నే, తాగకముందే, ఎదురుగా కూర్చుని తెలుగులో చదివాను. అయ్యకి చదువు రాదు. మళ్లీ చదవమన్నాడు. మూడోసారి పూర్తయ్యాక చెంప మీద కొట్టాడు. నేను పడిపోయాను.

"అబద్దం రాసినారు. ఆడు దొంగ నాకొడుకు. అబద్దం రాయించినాడు."

ఇంకో దెబ్బకి చెయ్యెత్తాడు. అమ్మ పొయ్యిలోంచి మండుతున్న కట్టె లాగి, అతని మొహానికి జానెడు దూరంలో పెట్టింది. ఇన్నేళ్లలో నేను అమ్మని అలా చూడలేదు.

"దాన్ని కొట్టకు. ఆ పొద్దు ఏటయ్యిందో సెప్పు."

అయ్య కట్టెకేసి చూశాడు, అమ్మకేసి చూశాడు. గోడకి జారగిలబడి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు. "సెయ్యి నానే ఒదిలేసినాను. అయ్యని నరికేసినారు. దాని సెయ్యి నా సేతిలో ఉన్నాది. ఒదిలేసి తుప్పల్లోకి లగెత్తినాను. అది అన్నా అని అరుస్తన్నాది. నాను ఎనక్కి సూడలేదు."

తిరిగొచ్చేసరికి శవాలే ఉన్నాయట. వేరే గుంపు వెంట పడి, వేరే దారిన దేశం చేరాడు.

అయ్య నాలుగు రోజులు పనికి వెళ్లలేదు. ఐదో రోజు చొక్కా వేసుకుని, "పద. ఆ ఇల్లు సూపించు" అన్నాడు.

భీమిలిలో ముసలాయన కొడుకుది సైకిలు షాపు, ఇల్లు దాని వెనకే. అయ్యని చూడగానే కొడుకు చేతిలో ఉన్న గాలిపంపు ఎత్తాడు. మొదటి దెబ్బ మోకాలి మీద. రెండోది వీపు మీద. అయ్య కింద కూర్చుండిపోయాడు. ఒక్క దెబ్బ తిరిగి ఇవ్వకుండా తిన్నది నాకు తెలిసి అదొక్కసారే. మూడో దెబ్బకి నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. నేను అడ్డం పోలేదు. ఆ నిమిషంలో, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, కొట్టనీ అనుకున్నాను. అమ్మ పళ్లు గుర్తొచ్చాయి.

లోపలి నుంచి ముసలాయన వచ్చాడు. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. "ఇంక సాల్లేరా" అన్నాడు కొడుకుతో. అయ్య పక్కన నేల మీదే కూర్చున్నాడు.

"మా సెల్లి..." అన్నాడు అయ్య.

"నీకోసం ఆగుదామని ఒకటే పోరు. ఎత్తుకుంటే కొరికేసినాది. ఇదిగో." ఎడమ చేతి బొటనవేలి కింద తెల్లటి గీత చూపించాడు. "ఆగితే అందర్నీ నరికేత్తారు. నోరు మూసేసి ఎత్తుకొచ్చినాను. క్యాంపుకొచ్చినాక కూడా మూడు రోజులు నాతో మాటాడలేదు. తరవాత అలవాటయ్యింది. నా పక్కనే పడుకునేది. జొరం రాలేదు నాయినా, ఒక్క రాత్తిరిలో అయిపోనాది. నానే పాతిపెట్టినాను. నీ జాడ మొన్న మీ పోర్టులో పన్జేసే ఒకడు సెప్తే తెలిసింది."

అయ్య ఆయన చెయ్యి పట్టుకుని ఆ గీత మీద నుదురు ఆనించాడు. ముసలాయన వేళ్లకి రక్తం అంటింది. కొడుకు పంపు పక్కన పడేసి షాపులోకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత అయ్య అమ్మని కొట్టలేదని రాస్తే అబద్ధం. తగ్గింది. కొట్టాక బయటికి పోయి కూర్చునేవాడు, అంతే తేడా. రంగం కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. సెలవు దొరికినప్పుడల్లా భీమిలి బస్సెక్కేవాడు. ముసలాయనకి నూనె రాసి, చెయ్యి పట్టుకుని మెల్లగా ఎత్తడం ఆస్పత్రి వాళ్లు నేర్పిస్తే నేర్చుకున్నాడు. ఆ చెయ్యి ఎప్పటికీ పూర్తిగా లేవలేదు. కొడుకు అయ్యతో మూడేళ్లు మాట్లాడలేదు. ముసలాయన పోయిన రోజు మాత్రం మనిషిని పంపి కబురు పెట్టాడు.

పాడె ఎత్తేటప్పుడు అయ్య దూరంగా, గోడ పక్కన నిలబడ్డాడు. కొడుకే వరస కలిపి పిలిచాడు. "ఏటి సూత్తన్నావ్ బావా, ఇటు పట్టు."

అయ్య వెళ్లి పట్టుకున్నాడు.