పేజీకి రెండున్నర నిమిషాలు

మొన్న ఉపాధ్యాయ శిక్షణకు మూడు రోజులు వెళ్లివచ్చిన మా కోడలు, అక్కడ రాసుకున్న నోట్సు నా ముందు పెట్టి, చదవడంలో వెనుకబడిన పిల్లలను వాక్యం వాక్యం దగ్గర ఆపి, కళ్లు మూయించి, చదివినది మనసులో బొమ్మ కట్టుకోమనాలట, మీ రోజుల్లో ఇలాంటివి ఉండేవా మావయ్యగారూ అని అడిగింది. లేవమ్మా అన్నాను. తారీకు, అంకె లేని మాటను నమ్మని నేను ఆ ఒక్క జవాబు మాత్రం లెక్క చూసుకోకుండా చెప్పేశాను. నా ఈడువారు మీరు గనుక అసలు సంగతి మీతో చెప్పుకుంటాను.

1967 జూన్‌లో, శ్రీముఖలింగానికి దిగువన వంశధార ఆవలి ఒడ్డున ఉన్న ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో చేరాను. నలభై ఒక్క మంది పిల్లలు, ఒక గది, ఒక నల్లబల్ల. నాకు ఎస్సెస్సెల్సీ ఉంది గాని ట్రైనింగు లేదు. ట్రైనింగు లేనివాడి ఉద్యోగాన్ని ఏటేటా పొడిగించాలి; పోనీ ట్రైనింగుకు వెళదామంటే ఆ ఉద్యోగం వదులుకోవాలి; వదులుకుంటే విజయనగరంలో నన్నే నమ్ముకున్న అమ్మకూ ఇద్దరు చెల్లెళ్లకూ మరో దారి లేదు. దానికి తోడు ఏరు. నీరు పెరిగితే పడవ కట్టేసేవారు. 1968 వానాకాలంలో వరసగా పంతొమ్మిది రోజులు ఆ ఒడ్డునే ఉండిపోయి, అవతలి రోడ్డు మీద పోయే బస్సును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తూ కూర్చున్నట్లు నా డైరీలో ఉంది.

నేను అద్దెకున్నది ఒక పెద్దావిడ ఇంటి వసారా గదిలో. ఆమె మనుమరాలికి పదేళ్లు. మూడో తరగతిలో అది మూడో ఏడు. “ఏటి బావూ, మా గుంట ఆ మూడులోంచి లెగదేటి?” అని పెద్దావిడ రోజూ అడిగేది. పిల్ల తండ్రి అడిగేవాడు కాదు, తేల్చి చెప్పేవాడు: “ఈసారీ తప్పితే గోగునార వొలవడానికి తోలేత్తాను.” నానబెట్టిన గోగు కట్టల మధ్య, కుళ్లు నీళ్లలో మోకాలి లోతున నిలబడి నార వొలవడం ఆ ఊరి పిల్లలకు కొత్త పని కాదు. ఒకసారి ఆ పనిలో దిగిన పిల్ల మళ్లీ బడికి రావడం నేను చూడలేదు.

ఆ అమ్మాయికి అక్షరాలన్నీ వచ్చు. చదివినదేమిటో మాత్రం తెలియదు. వాచకంలో ఒక వర్తకుడు ధాన్యం బండితో ఏరు దాటే పాఠం ఉండేది. బండిలో ఎవరున్నారని అడిగితే వాక్యం మొత్తం అప్పజెప్పేది. పడవ కట్టేసిన ఆ పంతొమ్మిది రోజుల్లోనే ఒక సాయంత్రం, మరేమీ తోచక, నాకు తెలిసిన ఒకే విద్య, అంటే లెక్క, అడిగాను. కళ్లు మూసుకుని చూసి చెప్పు, బండికి ఎన్ని ఎడ్లు?

“రెండండి. ఒకటి ఎర్రది, ఒకటి మైలది.”

నీళ్లు ఎంతవరకు వచ్చాయి? అమ్మాయి లేచి నిలబడి తొడ మీద చెయ్యి పెట్టి చూపి, ఉలిక్కిపడినట్లు కళ్లు తెరిచింది. “బండిలోకి నీళ్లొచ్చీసినాయండి! గింజలు తడిసిపోతాయి కదండీ, ఆయన ఏడుస్తాడు!” వర్తకుడు ఏడ్చాడన్నది పుస్తకంలో తరవాతి వాక్యం. ఆమె అప్పటికి దాన్ని రెండేళ్లుగా చదువుతోంది.

అప్పటినుంచి అదే పద్ధతి. ఎందరు, ఎంత ఎత్తు, ఏ పక్క అని నేను అడగడం, ఆమె చూసి చెప్పడం. నాకైతే ఏ బొమ్మా కనిపించేది కాదు, ఇప్పటికీ కనిపించదు. ఆమె చెబితే నమ్మేవాణ్ణి. “మేస్టారు కళ్లు మూయించి గుంటల్ని నిద్దరపుచ్చుతన్నారంట, ఊరంతా నవ్వుతన్నారు,” అని తండ్రి ఎత్తిపొడిచినా మానలేదు.

ఫిబ్రవరిలో పక్క ఊరి మేష్టారు కబురు తెచ్చారు. వచ్చే నెల తనిఖీకి రాబోయే డిప్యూటీ ఇనస్పెక్టరు ప్రశ్నలు అడగరట. గడియారం పట్టుకుని పేజీకి రెండున్నర నిమిషాలు ఇస్తారట, దాటితే తప్పినట్లేనట. ఆ సాయంత్రమే ఆ అమ్మాయి చేత బండి పాఠం చదివించి గడియారం చూశాను. నా పద్ధతికి ముందు ఆ పేజీకి నాలుగు నిమిషాలు పట్టేది, ఇప్పుడు పదకొండు. తప్పితే ఆమెకు గోగునార పనే. అలాంటి రిపోర్టు పడితే నాకూ పొడిగింపు ఉండదని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సంగతి దాచడం న్యాయం కాదు.

మర్నాడు ఆమెతో, ఇక చూడవద్దు, చదువు అన్నాను.

“మరి ఎడ్లని ఏటి సెయ్యమంటారండి? నీళ్లల్లో ఉన్నాయి కదండీ.”

అక్కడే ఉండనీ, పరీక్ష అయ్యాక వెళ్లి ఒడ్డుకు తోలుకొద్దాం అన్నాను. ఆగినప్పుడల్లా బల్ల మీద బెత్తంతో కొట్టేవాణ్ణి. ఇరవై ఆరు రోజులు అలా చేశాను.

తనిఖీ రోజున రెండు నిమిషాల ఇరవై సెకన్లలో చదివింది. పాసు. పెద్దావిడ ఇంటింటికీ బెల్లం ముక్క పంచింది. తండ్రి వచ్చి, “మీ సేతి సలవ మేస్టారూ,” అని రెండు చేతులూ పట్టుకున్నాడు. నాకూ ఇంకో ఏడాదికి ఉత్తర్వు వచ్చింది.

ఆ వారమే పాఠం తీయించి, కళ్లు మూసుకో, ఇప్పుడు నీళ్లు ఎంతవరకు ఉన్నాయి అని అడిగాను. చాలాసేపు మూసుకుంది. “ఏటీ అవుపడ్డం నేదండి,” అంది. పోనీ వాక్యం దగ్గర ఆగి ప్రయత్నించు అంటే భయంగా బల్ల వైపు చూసింది. “ఆగితే తప్పుతానండి.” ఆమె ఐదో తరగతి ముగించేదాకా, మరో రెండేళ్లు అక్కడే ఉండి రకరకాలుగా అడిగాను. చకచకా చదివేది, ఆగేది కాదు.

ఇప్పుడు శిక్షణ లేకుండా ఎవరినీ బడిలోకి రానివ్వరు. నేను తడుముకుంటూ పట్టుకుని, భయపడి వదిలేసినదాన్ని మూడు రోజుల్లో నేర్పి పంపుతున్నారు. ఏటి మీద వంతెన కూడా వేశారు. మేమిప్పుడు ఉంటున్నది ఇవతలి ఒడ్డునే; మా వీధి చివర ఆటో ఎక్కితే ఆ ఊరికి ఇరవై నిమిషాలు. ఆమె పెళ్లి ఆ ఊళ్లోనే అయిందనీ, అక్కడే ఉందనీ విన్నాను. అరవై ఏడేళ్లు ఉంటాయి. ఎలా చదువుతోందో, అసలు చదువుతోందో లేదో, వెళ్లి అడిగితే తెలుస్తుంది. వంతెన తెరిచి ఇన్నేళ్లయినా నేను ఒక్కసారీ దాటలేదు.