ఏనుగు మొహం మీద టీ తీగ

2022 రథయాత్ర నాటికి నేను కొరాపుట్‌లో ఒక బజారు వీధికి కరెంటు లైన్ సూపర్వైజర్ని. రాయగడ నుంచి బదిలీ మీద అప్పుడే వచ్చాను. మా వైపు రథం కదిలే రోజు కరెంటువాళ్ళకీ పండగే, పరీక్షే. రథం శిఖరానికి తగలకుండా వీధికి అడ్డంగా ఉన్న తీగలన్నీ విప్పాలి, రథం దాటాక మళ్ళీ కట్టాలి. ముందు షట్‌డౌన్ తీసుకుంటాం, అంటే ఆ లైన్‌కి సరఫరా ఆపించి, ఆగిందని రూఢి చేసుకుని స్తంభం ఎక్కుతాం. స్తంభం నుంచి ఇళ్ళకెళ్ళే సర్వీసు వైర్లు మావి, టీవీ, ఇంటర్నెట్ తీగలు వాళ్ళవాళ్ళవి. ఏది ఎవరిదో తేల్చేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ వీధి చివర రాజుల కాలం నాటి రాతి ద్వారం ఉంది. అటో ఏనుగు, ఇటో ఏనుగు. మామూలు రోజుల్లో తీగల గజిబిజిలో వాటి తొండాలు కూడా కనబడవు. ఆ సాయంత్రం రథం వెళ్ళిపోయాక మాత్రం ద్వారం నిండుగా కనబడింది. మావాళ్ళు తీగలు కట్టడానికి నిచ్చెన వేస్తుంటే, పప్పుల హోల్‌సేలు షావుకారు భార్య ఆదిలక్ష్మమ్మగారు వచ్చి నిచ్చెన పట్టుకున్నారు.

"ఆగండి బాబూ. నాను పెళ్ళై వచ్చిన కొత్తలో పొద్దున్నే తలుపు తీస్తే ఆ ఏనుగులే కనిపించేవి. ఇన్నేళ్ళకి మళ్ళీ కళ్ళారా సూసేను. మళ్ళీ కప్పెట్టేస్తారేటి?"

"కరెంటు లేకపోతే రేపు మీరే తిడతారమ్మా."

"ఎనక సందులోంచి ఎయ్యకూడదేటి?"

వేయొచ్చు, సందులో స్తంభాలున్నాయి. మా ఇంజినీరు ఒక్క షరతు పెట్టారు. బాహుడా రోజుకి, అంటే దేవుడు తిరుగు రథం ఎక్కే రోజుకి, వీధిలో ఎవరి తీగా అడ్డంగా ఉండకూడదు. ఒక్కటి మిగిలినా అందరివీ పాత దారినే. అంతవరకు సందులోంచి తాత్కాలికంగా సరఫరా ఇచ్చాం.

ఇక ఆవిడ ఆగలేదు. ఒడియా కొట్లలో ఒడియాలో బతిమాలింది, కూరలమ్మేవాళ్ళతో అక్కడి కొండ యాస దేశియాలో సరసమాడింది, తెలుగువాళ్ళని మాత్రం తిట్టింది. తీగలు చుట్టలు చుట్టలుగా దిగాయి. సగం ఎందుకూ పనికిరాని పాత తీగలే.

బాహుడా ముందురోజు చూస్తే ఒక్కటి మిగిలింది. ఆవిడ గడపలోంచి చూస్తే సరిగ్గా ఏనుగు మొహం మీదుగా.

"ఎవులిదిది? సిగ్గులేదేటి?" అని ఆవిడ వీధంతా వినబడేలా అరిచింది.

టెస్టర్ పెట్టాను, కరెంటు లేదు. తీగ వెంటే నడిచాను. ఒక కొస ఎదురుగా ఉన్న షావుకారు గోదాంలోకి వెళ్ళింది, రెండోది ఆదిలక్ష్మమ్మగారి వంటింట్లోకే! ఆయన గోదాంలో మీట నొక్కితే వంటింట్లో గంట మోగుతుంది, టీ వెళుతుంది. రథం దాటిన మర్నాడే ఆయన మళ్ళీ కట్టించుకున్నాడు. గంట మోగుతూనే ఉంది, ఆవిడ టీ పంపుతూనే ఉంది, తీగ సంగతే ఆవిడకి తట్టలేదు.

వీధి వీధంతా నవ్వింది. నాకూ ఆగలేదు.

షావుకారు గోదాం లోంచి కదలకుండానే అన్నాడు: "నాది కరెంటు తీగ కాదు, టీ తీగ. దీని జోలికి రాకండి."

పక్క మిఠాయి కొట్టతను అప్పుడే తన తీగ చుట్ట బయటికి తీశాడు. "అయితే మాదీ కట్టేసుకుంటాం" అన్నాడు. అంత తిరుగుడూ బూడిదలో పోసిన పన్నీరే.

ఆదిలక్ష్మమ్మగారు అరవలేదు. కళ్ళు తుడుచుకుని, "ఏటండీ, ఓపాలి ఇటొచ్చి మన గడపలో నిలబడండి" అంది.

సణుక్కుంటూ వీధి దాటి వచ్చాడు. ద్వారానికి వీపు పెట్టి కూర్చోవడమే ఆయన అలవాటు. గడపలో నిలబడి ద్వారం వైపు తిరిగాడు. ఒక ఏనుగు నుంచి ఇంకో ఏనుగు దాకా కళ్ళు తిప్పాడు.

"ఇంత బాగుంటాదేటే?" అన్నాడు చివరికి. తర్వాత నాకేసి తిరిగి, "కోసీ బాబూ" అన్నాడు.

"మరి టీ?" అందావిడ.

"కాళ్ళున్నాయి కదా. నానే వస్తాను."

తీగ తీయించడానికి పై ఆఫీసు అనుమతి సరిపోదని ఆ వీధిలోనే తెలుసుకున్నాను. ప్రతి తీగ కొసనా ఎవరి సుఖమో ఉంటుంది. ఆ మనిషిని లేపి, అవతలివాళ్ళ గడపలో ఒకసారి నిలబెట్టాలి. ఇప్పటికీ నేను అదే చేస్తాను.

మొన్న సాయంత్రం అటు వెళ్ళాను. షావుకారు టీకి బయల్దేరి వీధి మధ్యలో ఆగి ఏనుగుల్ని చూస్తున్నాడు. వెనక ఆటోలు హారన్ కొడుతున్నాయి. గడపలోంచి ఆవిడ కేక: "సూసింది సాలు, టీ సల్లారిపోతంది!"